శ్రీవిజయలో ఆరు నెలలు: ఇత్సింగ్ భాషాభ్యాసం

జంగ్లీఘాట్ చేపల రేవులో తెల్లవారి వినిపించే భాషలలో తెలుగు ముఖ్యమైనది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాల భాష అది. ఈ రేవు ఉన్న పోర్ట్ బ్లెయిర్ నగరానికి 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయ పురం అని పేరు మార్చింది. స్వాతంత్ర్య సమర విజయానికి అది సంకేతమని ప్రకటించింది. బౌద్ధ చరిత్ర చదివినవారికి మాత్రం ఆ పేరు వినగానే సుమత్రా దీవిలో నేటి పాలెంబాంగ్ వద్ద వర్ధిల్లిన శ్రీవిజయ రాజధాని స్ఫురిస్తుంది. ఆ నగరం పక్కన పారే నది పేరు కూడా మూసీయే. హైదరాబాదు వాసులకు అది వింతగా తోచవచ్చు గాని, పేరు పోలికకు మించి మేము దానికి విలువ ఇవ్వము.

చైనా భిక్షువు ఇత్సింగ్ 671లో కాంటన్ రేవులో పారశీకుల ఓడ ఎక్కి, ఇరవై రోజులలోపే శ్రీవిజయ చేరాడు. భారతదేశం వెళ్ళాలన్న తహతహ ఎంత ఉన్నా అక్కడ ఆరు నెలలు ఆగి శబ్దవిద్య, అనగా సంస్కృత వ్యాకరణం, అభ్యసించాడు. ఆ నగరంలో వెయ్యికి మించిన భిక్షువులు ఉన్నారని, వారి చదువు, ఆచారం మధ్యదేశంలోని వాటివంటివేనని వ్రాశాడు. భారతదేశానికి పోదలచిన చైనా భిక్షువు ఇక్కడ ఒకటి రెండేళ్ళు సాధన చేసి పోవడం మేలని సలహా ఇచ్చాడు. ధమ్మాన్ని వెదకబోయేవాడు ముందు భాషను సంపాదించుకోవాలని ఆయన భావించాడన్నమాట.

అక్కడి నుంచి మలయు, కెడా మీదుగా ఉత్తరానికి పది రోజులకు పైగా ప్రయాణించి, ఇత్సింగ్ నగ్నజనుల దీవిని చూశాడు. అది నికోబార్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. దీవివాసులు చిన్న పడవలలో కొబ్బరికాయలు, అరటిపండ్లు, వెదురు, పేము వస్తువులు తెచ్చేవారు. వారు కోరేది ఇనుము ఒక్కటే. రెండు వేళ్ళంత ముక్కకు అయిదో పదో కొబ్బరికాయలు ఇచ్చేవారట. ఈ సముద్రం మీదుగానే ఆయన 673లో తామ్రలిప్తి చేరి, తరువాత నలందలో సుమారు పదేళ్ళు చదివాడు.

తిరుగు ప్రయాణంలోనూ ఆయన మజిలీ శ్రీవిజయే. 689లో కాగితం, సిరా, లేఖకులు కావాలని చైనాకు ఉత్తరం పంపడానికి ఓడ ఎక్కగా, గాలి అనుకూలించి ఓడ ఆయనతో సహా కదిలిపోయిందట! కొద్ది నెలలకే సహాయకులతో తిరిగి వచ్చి పని కొనసాగించాడు. 695లో లోయాంగ్ చేరినప్పుడు చక్రవర్తిని వూ స్వయంగా ఎదురేగింది.

ఇత్సింగ్ అనువదించిన వాటిలో సుహృల్లేఖ ఒకటి. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువుకు వ్రాసినట్లు చెప్పే ధమ్మలేఖ అది. భారతదేశంలో విద్యార్థులు చదువు తొలినాళ్ళలోనే దానిని నేర్చుకునేవారని ఆయన సాక్ష్యం. మన నేలతో ముడిపడిన ఆ లేఖను శతాబ్దాలపాటు కాపాడినవి టిబెటన్, చైనా అనువాదాలు. చైనా భాషలోనే దానికి మూడు అనువాదాలున్నాయి. నాగార్జునుని పేర ఉన్న మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం అయితే కుమారజీవుడు చాంగాన్ రాజధానిలో చేసిన నూరు చుట్టల చైనా అనువాదంగానే మిగిలింది. దాని కర్తృత్వంపై పండితులలో వివాదముంది, దానిని దాచరాదు. కుమారజీవుడు 401లో చాంగాన్ చేరకముందు లియాంగ్‌జౌలో దాదాపు పదిహేడేళ్ళు నిర్బంధంలో గడిపాడు. ఆ నిర్బంధమే ఆయనకు చైనా భాషా పాఠశాల అయింది.

నేర్చుకోవడం ఒకవైపే సాగలేదు. ధాన్యకటకంలో హుయాన్‌త్సాంగ్ సుభూతి, సూర్య అనే భిక్షువుల వద్ద మహాసాంఘిక అభిధర్మం చదివాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషకు భిన్నమని, లిపి మాత్రం దాదాపు ఒకటేనని ఆయన గమనించాడు.

ఆధునిక కాలంలో దారి తిరగబడింది. 1947లో భారత ప్రభుత్వ విద్యార్థి వేతనంపై పెకింగ్ విశ్వవిద్యాలయంలో చదివిన వసంత్ పరాంజపే 1954లో నెహ్రూ, మావోల సంభాషణకు దుభాషి అయ్యాడు. రాజ్యానికి భాష అవసరమైతే మనుషులను పంపింది. ధమ్మానికి ఆ అవసరం ఉందని మనం ఇంకా గట్టిగా అనుకోలేదు. వైద్యవిద్యకై చైనా వెళ్ళిన మన పిల్లలు రోగులతో మాట్లాడేందుకు చైనా భాష నేర్చి వస్తున్నారు. అది నేటి వాడుక భాష. త్రిపిటకపు ప్రాచీన చైనా భాషకు వేరే అభ్యాసం కావాలి. అయినా అక్షరాలతో పరిచయం చిన్న పెట్టుబడి కాదు. మనం మాత్రం నాగార్జునుణ్ణి ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే చదువుకుంటున్నాము.

మన సంఘాలు ఎప్పుడైనా ఒక విద్యార్థిని బీజింగుకు పంపదలిస్తే, నూరు చుట్టల శాస్త్రంతో మొదలుపెట్టనక్కరలేదు. ఇత్సింగ్ సుహృల్లేఖ ఒకే ఒక్క చుట్ట.