బొంగావ్ శిబిరమున ఉప్పునీటి చికిత్స

1971వ సంవత్సరమున తూర్పు బెంగాలునుండి సరిహద్దు దాటివచ్చిన శరణార్థులతో బొంగావ్ ఆసుపత్రి కిక్కిరిసి, కలరా రోగులు నేలపైననే పడియుండగా, నరములకెక్కించు సెలైను సీసాలు చాలకపోయెను. అప్పుడు కలకత్తానుండి వచ్చిన డాక్టరు దిలీప్ మహలనాబిస్, లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించిన ద్రావణమును డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగింపించెను. వైద్యశాల పద్ధతులెరుఁగని ఆ పరదేశులకు తల్లియే నర్సు, అన్నయే కాంపౌండరు! నూటికి 30 వరకు నుండిన మరణములు 3.6కు దిగెను. అయినను వైద్యపండితులు పెక్కురు సంశయించిరి. అది, నా దృష్టిలో, ప్రజ్ఞకంటె అహంకారమే. ఆ ప్రయోగవృత్తాంతము 1973వ సంవత్సరమునఁగాని ప్రచురితము కాలేదు.