వేంగిభూమిలో అక్షరము, క్షరము

పెదపాడునకు సమీపముననున్న పెదవేగియే ప్రాచీన వేంగీపురము. శాలంకాయనుడైన విజయదేవవర్మ ఏలూరు తామ్రశాసనము ప్రాకృతమున నున్నది; ఆ వంశీయుడే యగు ద్వితీయ నందివర్మ పెదవేగి శాసనము సంస్కృతమున నున్నది. 624 ప్రాంతమున తూర్పు చాళుక్యరాజ్య మేర్పడిన పిమ్మట ఈ సీమ శాసనములలో తెలుగు వినవచ్చెను.

ఆ తెలుగైనను అట్లే నిలిచినదా? తొలి శాసనములందలి ఴకారము నన్నయభట్టు కాలమునకే లుప్తప్రాయమైనది. తమిళులు నేటికిని 'ఏఴు', 'కోఴి' యందురు. మనకవి 'ఏడు', 'కోడి' యైనవి. దానికై శోకించినవారు లేరు. బండి ఱకారమును నేడు వ్రాయువారరుదు. ఈ నష్టము అంత స్వల్పము గాదు: పూర్వకవులు ప్రాసలో రేఫ ఱకారములను సామాన్యముగా కలుపరు, ఆ భేద మెఱుగనివానికి పద్యమందలి నియమమే గోచరింపదు.

వేదము మాత్రము మారలేదు. పద, క్రమ, జటా, ఘనపాఠములుగా ప్రతి పదమును ముందువెనుకలుగా వల్లించిన గురుశిష్యపరంపర దానిని కాచినది. అయినను పాణిని అష్టాధ్యాయిలో ఛందస్సునకు వేరుగను, భాషకు వేరుగను విధులు చెప్పెను. మంత్రమునకు తగిన కట్టుబాటును సంతలో మాటకు విధించుట శాస్త్రసమ్మతమని తోపదు.

గ్రాంథికవాదులు గిడుగు రామమూర్తిపంతులను (1863–1940) భాషానాశకునిగా తలచిరి. పాఠశాలలలో వ్యావహారికమునకై పోరాడిన ఆయనయే శ్రీముఖలింగ దేవాలయ శాసనముల ప్రాచీనలిపిని స్వయంకృషితో నేర్చి చదివెను.