గోరింటాకు నుంచి కాకిబంగారం దాకా

ఢిల్లీ దక్షిణభాగంలో ఐ.ఐ.టి.కి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి సమీపంలో ఉన్న కటవారియా సరాయ్ పేరులోనే బాటసారుల బస ఉంది. గేట్, ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షలకు చదువుకొనవచ్చిన తెలుగు యువతులకు కూడ ఆ ఇరుకు సందులలోని అద్దెగదులే విడిదులు. ఆషాఢం వచ్చినా ఆ గదులలో రుబ్బురోలు ఉండదు, పెరటి గోరింట ఉండదు. నల్లని మెరుపురంగు సీసా మాత్రం పుస్తకాల పక్కనే కనిపిస్తుంది.

గోళ్ల అలంకరణ మనకు కొత్తది కాదు. దంతాలకు, వస్త్రాలకు, శరీరానికి రంగులద్దడాన్ని వాత్స్యాయనుడు అరువదినాలుగు కళలలో ఒకటిగా చెప్పాడు. గోరింటాకులోని లాసోన్ అనే వర్ణద్రవ్యం గోటి కెరటిన్‌తో కలిసిపోతుంది. అది చెరగదు, గోరు పెరిగేకొద్దీ నెలవంకలా కొసకు జరుగుతుంది. సీసాలోని రంగు అట్లా ఇంకదు, పైపొరగా నిలుస్తుంది. దానికి ఆధారమైన నైట్రోసెల్యులోజ్ మందుగుండులో వాడినదే. మొదటి ప్రపంచయుద్ధానంతరం మోటారుకార్ల పూతగా మారి, ఆ తోవలోనే స్త్రీల గోళ్లకు చేరింది. మనదేశంలో 1952లో టాటా ఆయిల్ మిల్స్ వారు లాక్మేను స్థాపించారు. లక్ష్మి అన్న మన మాటే ఫ్రెంచివారి నోట లాక్మే అయింది!

ఇక ఆ మెరుపు సంగతి. కొన్ని రంగులలో అల్యూమినియం పూసిన పాలియెస్టరు తునకలుంటాయి. ముత్యపుకాంతి గలవాటిలో టైటానియం డయాక్సైడు పూసిన అభ్రకపు పొడి ఉంటుంది. అభ్రకాన్ని తెలుగువారు కాకిబంగారమన్నారు. ఆ పేరులోని చిన్నచూపు వర్తకులకు లేదు. నెల్లూరుసీమలో గూడూరు, రాపూరు ప్రాంతాల గనుల నుంచి పచ్చని ఛాయగల అభ్రకం విద్యుత్ పరికరాలకై విదేశాలకు వెళ్లింది. దానిని పలుచని పొరలుగా చీల్చినవారిలో అధికులు స్త్రీలు. ఎగుమతుల లెక్కలు రాసినవారు ఆ చేతుల గురించి రాసింది బహుస్వల్పం. ఇది మన పారిశ్రామిక చరిత్రలో పెద్ద లోటని నా అభిప్రాయం. ప్రత్యామ్నాయ పదార్థాలు వచ్చాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై పెద్ద కొనుగోలుదారూ కనుమరుగయ్యాడు. 2015లో అభ్రకం చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేరింది.

నలుపు శుభకార్యాలకు పనికిరాదన్న పట్టింపు ఇళ్లలో ఇంకా ఉంది. దిష్టిచుక్క నల్లనిదే కదా అని పిల్లలు ఎదురడిగితే పెద్దలకు జవాబు తోచదు. ముదురురంగు గోటికి మరక పట్టిస్తుంది గనుక ముందు రంగులేని పూత వేయాలి; పైన రెండు పలుచని పూతలు. ఆరేంతసేపు పుట తిప్పడానికి వీలుండదు. గోరింటాకు పెట్టుకొన్న రాత్రి ముద్దలు కలిపి తినిపించిన తల్లి ఆ అద్దెగదిలో ఉండదు.