సెల్‌ఫోనులో ఇరుకు చోటు

శ్రీకాకుళం రోడ్డు అను రైల్వేస్టేషను ఉన్నది శ్రీకాకుళములో కాదు, ఆమదాలవలసలో. స్టేషనులలో సరుకు దాచు గిడ్డంగి వేరు, బండి వచ్చువేళకు మూటలు పరచు ప్లాట్‌ఫారము వేరు. సెల్‌ఫోనులోను ఈ రెండు తావులు కలవు. ఫొటోలు, పాటలు ఉండునది గిడ్డంగి. నడచుచున్న ప్రోగ్రాములు తమ సామగ్రిని పరచుకొను ప్లాట్‌ఫారము పేరు ర్యామ్. గిడ్డంగి ఖాళీగా ఉన్నను, ర్యామ్ కిక్కిరిసినచో ఫోను నత్తనడక నడచును. చవుక ఫోను కొన్నవారి చిక్కు తరచుగా ఇదియే. 2020లో బడులు మూతపడినపుడు ఎందరో పిల్లలకు ఇట్టి ఫోనే తరగతిగది అయినది.

ఇరుకులో సర్దుకొను విద్య పాతదే. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, జావా ప్రోగ్రాములను చిన్న పరికరములపై నడపుటకు కె.వి.ఎమ్. అను సాధనమును వెలువరించినది. 'కె' అనగా కిలోబైటు. మొత్తము 160 కిలోబైట్ల చోటున్నను అది పనిచేయగలదు. నేడు తెలుగు అక్షరసంకేతము ఒక్కొక్కటి సాధారణముగా 3 బైట్లు తీసుకొనును. ఆ లెక్కన అందులో పట్టునవి సుమారు 54 వేల సంకేతములే!

తరువాత ఆండ్రాయిడ్ వచ్చినది. 2012లో దాని 4.1వ రూపమునకు తెలుగు లిపి అబ్బినది. మరుసటి యేడు 4.4వ రూపమును 512 మెగాబైట్ల ఫోనులో ఇమిడ్చిరి. ఆ ప్రయత్నమునకు ప్రాజెక్టు స్వెల్ట్ అని పేరు. అందులోని యుక్తి యొకటి మన పొరుగున ఉన్న పొందూరు ఖద్దరు వర్తకులకు తెలిసినదే: వెంటనే అక్కరలేని బట్టను నొక్కి బేలు కట్టుట. ర్యామ్‌లో ఊరక పడియున్న సమాచారమును అట్లే కుదించి అక్కడనే ఉంచుదురు. అయితే బేలు విప్పుటకు సమయము పట్టును. ఇచట ఆ శ్రమ ప్రాసెసరుది. ఇదియు చాలనిచో, చాలసేపు ముట్టని ప్రోగ్రామును ఫోను తానే ఆపివేయును.

ప్రోగ్రాము వ్రాయువాని అజాగ్రత్త ఎంత ఖరీదో లెక్కవేసి చూడవచ్చును. 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు గల ఫొటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుండును. చుక్కకు 4 బైట్ల చొప్పున ర్యామ్‌లో విప్పిన 4 కోట్ల 80 లక్షల బైట్లగును. గిడ్డంగిలో అది కుదించబడి కొద్ది మెగాబైట్లలోనే ఉండుటచే ఈ సంగతి బయటికి కానరాదు. ఫోను తెర 480, 800 చుక్కలదే అయినచో, తెరకు సరిపడునంతగా తగ్గించి విప్పిన సుమారు 15 లక్షల బైట్లు చాలును. ముప్పది వంతుల పొదుపు! కంటికి తేడా లేదు.

2015లో ఫేస్‌బుక్ లైట్ వచ్చినపుడు దాని పరిమాణము 1 మెగాబైటు లోపే. 2017లో జియోఫోను 512 మెగాబైట్ల ర్యామ్‌తో మన దేశమున వెలువడినది. ఆ డిసెంబరులోనే 512 మెగాబైట్ల నుండి 1 గిగాబైటు వరకు గల ఫోనులకై ఆండ్రాయిడ్ గో వచ్చినది. కాని పొదుపునకై పుట్టిన ఈ గోకు కూడ, 2022 నాటి 13వ రూపమునకు కనీసము 2 గిగాబైట్లు కావలసి వచ్చినది. అయిదేండ్లలో నాలుగింతలు! చిన్న ఫోనులకై వచ్చిన యూట్యూబ్ గోను ఆ సంవత్సరమే నిలిపివేసిరి. 2017లో కొన్న 512 మెగాబైట్ల ఫోను చెడిపోలేదు. క్రొత్త రూపమునకు అందులో చోటు లేదు, అంతియే.