భావములకును చరిత్ర కలదు

రాజుల చరిత్రము శాసనములయందు దొరకును. యుద్ధముల చరిత్రము కోటగోడలయందు కనబడును. భావముల చరిత్రమును మాత్రము గ్రంథములయందే వెదకవలెను. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున దానిని గూర్చి కొంత విన్నవించుట ఉచితమని తలంచుచున్నాను.

ఇందులకై దూరదేశములకు పోనక్కరలేదు. మలక్‌పేటనుండి చాదర్‌ఘాట్ వంతెనమీదుగా మూసీనది దాటినచో సుల్తాను బజారు చేరుదుము. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము అచ్చటనే కలదు. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు 1901 సెప్టెంబరు 1వ తేదీన దానిని స్థాపించిరి. నాడు నిజాము రాజ్యమున కచేరీలలో ఉర్దూయే రాజభాష. తెలుగు ఇంటి భాషగనే మిగిలియుండెను.

1906లో లక్ష్మణరావుగారు మిత్రులతోగూడి ఈ నగరముననే విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పిరి. ఆ మండలి ప్రకటించిన మొదటి గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. 1863లో బానిసల విముక్తిని ప్రకటించిన అమెరికా అధ్యక్షుని కథ మనకేల యని తోపవచ్చును. కాని ఊరూర వెట్టిచాకిరి సాగుచున్న సీమలో, మనుష్యుని మనుష్యుడు సొంతము చేసికొనరాదను మాట తెలుగున అచ్చుపడుట సామాన్య విషయము కాదు.

1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు సంఘసంస్కార సభ జరిగెను. ఇతర భాషల ఉపన్యాసములను సభికులు ఆదరముతో వినిరి. న్యాయవాదియగు అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలిచేసిరి. సంస్కారము కోరి కూడిన సభలోనే ఈ యవమానము! ఆ రాత్రియే కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్రజన సంఘమునకు అంకురార్పణ చేసిరి. మాడపాటి హనుమంతరావుగారి దీక్షతో ఆ యుద్యమము పెరిగి, వెట్టిచాకిరిని గూర్చియు, వర్తక స్వాతంత్ర్యమును గూర్చియు చిన్న పుస్తకములు ప్రకటించినది. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగినది.

లింకను చరిత్రము చదివినందుననే వెట్టి తొలగెనని నేననుటలేదు. ఒక పద్దును మరియొక పద్దుతో ఆధారము లేక కలుపుట లెక్కలు వ్రాయువానికి తగదు. బాధ పుస్తకమునకు ముందే కలదు. ఆ బాధ తన కర్మమని యోర్చుకొనువాడు అది యన్యాయమని గుర్తించుటకు పుస్తకము తోడ్పడినది. గుర్తించినవారు నలుగురు కూడినప్పుడు సంఘము కదలినది.

ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. రాజుల వంశావళులకు మారుగా ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, వృత్తులు, విశ్వాసములే అందు చరిత్రమైనవి. సామాన్యుడును చరిత్రకు అర్హుడే యనుట గొప్ప భావము.

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. నాడు వెట్టిచేసినవారిలో పెక్కురకు అక్షరజ్ఞానము లేదు. వారికై వ్రాసిన పుస్తకమును వారికెవరైన చదివి వినిపింపవలసివచ్చెను. కావున చందాదారులగు సోదర సోదరీమణులు గ్రంథమును ఇంటికి గొనిపోయినప్పుడు, చదువురాని యొకరికైన చదివి వినిపింపుడని ప్రార్థించుచున్నాను. బీరువాలోని భావము ఊరిలోనికి వచ్చుటకు అంతకంటె దగ్గరి త్రోవ లేదు.