జలగకు పాత కొలువు

తడి సీమల్లో, పశువులు దిగే మడుగుల్లో జలగ ఎప్పటినుంచో పాత కాపు.

చెడురక్తం తీయించడానికి మన పూర్వ వైద్యులు ఆశ్రయించింది దాన్నే. సుశ్రుత సంహిత 12 రకాల జలగలు చెప్పింది: 6 విషమున్నవి, 6 లేనివి. తడి తోలుతో పట్టాలి, కొత్త కుండలో ఉంచాలి, కరవకపోతే పాలచుక్క రాయాలి. తాగాక పిండి చల్లి, మూతికి నూనె, ఉప్పు రాసి కక్కించాలి. ఎంత నిశితమైన పరిశీలన!

నీటిలో అల కదిలినా, ఒంటి వేడి తగిలినా జలగ పసిగడుతుంది. పశుజలగకు ఐదు జతల కళ్లు, 33 ఖండాల ఒళ్లు, రెండు చివర్లా పట్టు గిన్నెలు. నేలమీద ముందు గిన్నె ఆనించి వెనకది లాక్కుంటుంది. నీళ్లలో అలలా ఈదుతుంది. ప్రతి జలగా ఆడా, మగా రెండూ. అయినా జత కూడాల్సిందే. గుడ్లను చిన్న గూటిలో చుట్టి తడిమట్టిలో దాస్తుంది.

దాని లాలాజలం రక్తాన్ని గడ్డకట్టనివ్వదని 1884లో జాన్ హేక్రాఫ్ట్ చూపించారు. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జలగను వైద్య పరికరంగా అనుమతించింది. తెగిన వేలును తిరిగి అతికించినచోట నిలిచిపోయిన రక్తాన్ని ఇప్పుడు అది లాగేస్తోంది.