చెరకు కోతకు వలసా, అడవిపై హక్కా: బార్డోలీ తూర్పు కొండల ఆదివాసీల అనుభవం

గుజరాత్‌లోని సూరత్ జిల్లా బార్డోలీ పేరు వినగానే 1928 నాటి రైతు సత్యాగ్రహం, దానికి నాయకత్వం వహించిన సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ గుర్తుకు వస్తారు. నేడు ఈ తాలూకా చెరకు సాగుకు, సహకార చక్కెర కర్మాగారానికి ప్రసిద్ధి. ఆ చెరకును కోసే చేతుల్లో అధిక భాగం తూర్పున ఉన్న డాంగ్స్, తాపి జిల్లాల నుంచి, మహారాష్ట్ర సరిహద్దు ప్రాంతాల నుంచి వలస వచ్చే ఆదివాసీలవే. అడవిపై అధికారం స్థానికులకు దక్కినప్పుడు అటు అడవి, ఇటు జీవనోపాధి రెండూ నిలుస్తాయా అనే ప్రశ్నకు ఈ ప్రాంతం ఒక సమాధానం చూపుతోంది.

నేపథ్యం

దక్షిణ గుజరాత్ అడవులు టేకుకు పేరుపొందినవి. కలప కోసం 1842లో ఆంగ్లేయులు డాంగ్స్ ప్రాంతపు భిల్లు రాజుల నుంచి అడవులను కౌలుకు తీసుకున్నారు. తరువాతి కాలంలో అటవీ చట్టాలు సాగును, సేకరణను కట్టడి చేశాయి. తరతరాలుగా అడవిలో ఉన్నవారే ప్రభుత్వ దృష్టిలో ఆక్రమణదారులయ్యారు.

బార్డోలీ మైదానంలోనూ ఆదివాసీల స్థితి వేరుగా లేదు. దుబ్లాలుగా పిలిచిన హళపతులు అప్పుల కారణంగా భూస్వాముల వద్ద తరాల తరబడి ‘హాలీ’లుగా వెట్టిచాకిరీ చేశారు. 1920లలో గాంధేయవాదులు వేడ్ఛీ కేంద్రంగా ఆదివాసీల మధ్య పని ప్రారంభించారు. అప్పటి వరకు ‘కాలీపరజ్’ (నల్లజనం) అని అవమానకరంగా పిలిచిన సమూహాలకు ‘రానీపరజ్’ (వనజనం) అనే పేరు ఆ ఉద్యమ కాలంలోనే వాడుకలోకి వచ్చింది. పేరు మారినంత వేగంగా వనంపై హక్కు రాలేదు.

నీరు మైదానానికి, కూలీలు కొండ నుంచి

తాపీ నదిపై 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ జలాశయం పూర్తయ్యాయి. ఉకాయ్ ముంపులో అనేక ఆదివాసీ గ్రామాలు కనుమరుగయ్యాయి. కాలువల నీటితో బార్డోలీ పరిసరాల్లో చెరకు విస్తరించింది. దీపావళి అనంతరం మొదలై వేసవి వరకు సాగే కోత కాలంలో ముఠా మేస్త్రీలు కుటుంబాలకు ముందుగా బయానా ఇచ్చి తీసుకువస్తారు. ఇక్కడ పని లెక్క మనిషికి కాదు, ‘కోయితా’కు. కోయితా అంటే కొడవలి. వాడుకలో అది కలిసి పనిచేసే భార్యాభర్తల జంట. తల్లిదండ్రుల వెంట వచ్చే పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది. కొండపై వానాకాలపు పంట, అటవీ ఉత్పత్తులు ఏడాది పొడవునా కుటుంబాన్ని పోషించలేకపోవడమే ఈ వలసకు ప్రధాన కారణం.

చట్టం ఏమి చెబుతోంది?

2006 నాటి అటవీ హక్కుల చట్టం 2007 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమిపై అర్హులకు గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో దీనిని ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టాగా వ్యవహరిస్తారు. అంతకన్నా విస్తృతమైనది సామూహిక అటవీ వనరుల హక్కు. దీని ద్వారా గ్రామసభ తన సంప్రదాయ పరిధిలోని అడవిని సంరక్షించవచ్చు, పునరుద్ధరించవచ్చు, నిర్వహించవచ్చు. వెదురు, తునికాకు, ఇప్పపువ్వు, తేనె వంటి వాటిని చిన్న తరహా అటవీ ఉత్పత్తులుగా గుర్తించి, వాటిపై యాజమాన్యాన్ని ఈ చట్టం హక్కుదారులకు ఇచ్చింది. 2012లో సవరించిన నియమావళి రవాణా అనుమతి పత్రాల జారీని గ్రామసభ కమిటీకి అప్పగించింది.

శూలపాణేశ్వర్ అనుభవం

బార్డోలీకి ఉత్తరాన నర్మదా జిల్లాలో శూలపాణేశ్వర్ వన్యప్రాణి అభయారణ్యం ఉంది. ఇక్కడి ఆదివాసీల భూమి దరఖాస్తులు ఆధారాలు లేవన్న కారణంతో పెద్ద సంఖ్యలో తిరస్కరణకు గురయ్యాయి. ఆర్చ్ వాహిని సంస్థ సహకారంతో గ్రామ యువకులు జీపీఎస్ పరికరాలతో పొలాలను కొలిచి, ఆ హద్దులను పాత ఉపగ్రహ చిత్రాలపై గుర్తించి సాగు ఎప్పటినుంచి ఉందో నిరూపించారు. ఈ వివాదంపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, తిరస్కరించిన దరఖాస్తులను పునఃపరిశీలించాలని గుజరాత్ హైకోర్టు 2013లో ఆదేశించింది.

సామూహిక హక్కు పొందిన గ్రామాలు వెదురును స్వయంగా నరికి కాగితపు మిల్లుకు విక్రయించాయి. లోగడ కూలి మాత్రమే పొందిన గ్రామస్థులకు కూలితో పాటు అమ్మకపు ఆదాయంలోనూ భాగం దక్కింది. వచ్చే ఏడాది కూడా వెదురు కావాలంటే పొదను పూర్తిగా నరకరాదు, లేత పిలకలను వదలాలి, అగ్గిని అడ్డుకోవాలి. సంరక్షణ ఇక్కడ పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాదు, ఆదాయాన్ని కాపాడుకునే మార్గం.

ఇతర ప్రయత్నాలు

వాంస్దా ప్రాంతంలో బైఫ్ సంస్థ 1982లో ‘వాడీ’ పథకాన్ని ప్రారంభించింది. ఆదివాసీ కుటుంబం తన చిన్న కమతంలో మామిడి, జీడి మొక్కలు పెంచుతూ, వాటి మధ్య అంతర పంటలు వేసుకోవడం దీని విధానం. ఈ నమూనాను తరువాత నాబార్డ్ ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలకు విస్తరించింది. వెదురు బుట్టలు, చాపలు అల్లి జీవించే కోట్‌వాలియా తెగకు మాత్రం అడవిలో వెదురు అందుబాటే జీవన్మరణ సమస్య.

తెలుగు నేలపై అటవీ ఉత్పత్తుల సేకరణకు 1956లోనే విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అయితే సంస్థ కొనుగోలు చేయడం ఒకటి, అడవిపై గ్రామసభ నిర్ణయాధికారం మరొకటి. మొదటిది ధర ఇస్తుంది, రెండవది అడవిని ఎలా వాడుకోవాలో తేల్చే అధికారాన్ని ఇస్తుంది.

మిగిలిన సవాళ్లు

హక్కు పత్రం చేతికి వచ్చినంత మాత్రాన వలస ఆగదు. గ్రామసభకు నిర్వహణ ప్రణాళిక, లెక్కల నైపుణ్యం, కొనుగోలుదారుతో బేరమాడే శక్తి అవసరం. వెదురు లేదా తునికాకు ఆదాయం కొన్ని నెలలకే పరిమితం కాగా, కుటుంబ ఖర్చు పన్నెండు నెలలూ ఉంటుంది. అడవి ఇచ్చే ఆదాయం మేస్త్రీ ఇచ్చే బయానాకు సాటిరానంత కాలం చెరకు తోటల దారి తెరిచే ఉంటుంది. ఈ చట్టం ఫలితాన్ని పంచిన పట్టాల సంఖ్యతో పాటు, కోత కాలంలో ఊరిలోనే నిలిచిన కుటుంబాల సంఖ్యతోనూ కొలవవలసి ఉంది.